తెర దించే చోటు: తెలుగు విషాదాంత నాటకాన్ని గురించి

విషాదాంత నాటకం మనది కాదనీ, ఇంగ్లీషు చదువులతోబాటు ఓడల్లో వచ్చి మన రేవుల్లో దిగిన సరుకనీ ఒక అభిప్రాయం చాలాకాలంగా వినవస్తున్నది. రేవుపట్టణంలో ఉండేవాణ్ణి కనుక, ఏ సరుకు ఓడలో వచ్చిందో, ఏది ముందునుంచీ మన గిడ్డంగిలోనే ఉన్నదో ఒకసారి లెక్క చూడాలనిపించింది. చూడగా నాకు తేలినది ఇది. విషాద నాటకానికి కావలసిన పనిముట్లు దాదాపు అన్నీ మన లాక్షణికులకు తెలుసు, మన కవులు వాడారు కూడా. మన సంప్రదాయం ఒప్పుకోనిది ఒక్కటే. దుఃఖం దగ్గర కథను ఆపడం. అంటే తేడా పనిముట్లలో లేదు, తెర దించే చోటులో ఉన్నది.

ముందు పనిముట్ల సంగతి. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ గ్రీకు నాటకాలను పరిశీలించి చెప్పిన వాటిలో ముఖ్యమైనవి మూడు. నాయకుడు దుర్మార్గుడు కానక్కరలేదు, అతని చేత ఒక పొరపాటు జరుగుతుంది. దానివల్ల అతని స్థితి తారుమారవుతుంది. చివరకు అతనికి నిజం తెలుస్తుంది, కాని అప్పటికే వేళ మించిపోతుంది. చూసేవారిలో జాలీ భయమూ పుట్టి మనసు తేటపడుతుందని ఆయన మతం. మన వైపు చూస్తే నాట్యశాస్త్రం శోకాన్ని స్థాయీభావంగా, కరుణను రసంగా అంగీకరించింది. కథను ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని ఐదు సంధులుగా విభజించింది. వీటిలో నాలుగవదైన విమర్శసంధిలో ఆశ దాదాపు అడుగంటుతుంది. ఫలం చేతికి రాదేమోనన్న భయం కమ్ముకుంటుంది. అక్కడ తెర దించితే అదే ట్రాజెడీ! మనవారు మాత్రం ఐదవ సంధిదాకా నడిపించి, విడిపోయినవారిని కలిపి, భరతవాక్యం పలికించి పంపిస్తారు. పదవ శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో ఇంకొక అడుగు ముందుకు వేశాడు. యుద్ధం, వధ వంటివి రంగం మీద చూపరాదనీ, ప్రధాన నాయకుని వధను సూచనగానైనా చెప్పరాదనీ శాసించాడు.

శాసనం ఇంత కఠినంగా ఉన్నా, రాబోయే దుఃఖాన్ని ముందే ప్రేక్షకుని చెవిలో వేసే ఒక అద్భుతమైన ఉపాయాన్ని మనవారు కనిపెట్టారు. దాని పేరు పతాకాస్థానకం. మన పొరుగు కళింగానికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీని భేదాలను వివరించాడు. పాత్ర ఒక అర్థంతో మాట్లాడుతుంది, అదే మాట మరొక దానికి కూడా తగులుతుంది. ఆ రెండవ అర్థం పాత్రకు తెలియదు, మనకు తెలుస్తుంది.

పాఠం చెప్పే రోజుల్లో దీనికి నేను రెండు ఉదాహరణలు ఇచ్చేవాణ్ణి. ఉత్తరరామచరితం మొదటి అంకంలో సీత రాముని భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. ఆమెకు సంబంధించినదంతా తనకు ప్రియమేననీ, సహించలేనిది ఒక్క వియోగమేననీ రాముడు తలపోస్తున్న క్షణంలో ప్రతిహారి ప్రవేశించి, వచ్చేసిందన్న అర్థం వచ్చే మాట ఒకటి అంటుంది. ఆమె చెప్పదలచినది దుర్ముఖుడనే చారుడు వచ్చాడని. ప్రేక్షకుడికి వినిపించినది వియోగం వచ్చేసిందని. పైగా ఆ చారుడు తెచ్చిన వార్తే సీతను అడవికి పంపుతుంది. రెండవది భట్టనారాయణుని వేణీసంహారం. దుర్యోధనుడు భార్య భానుమతిని తన తొడమీద కూర్చోమని లాలిస్తూ ఉండగా, విరిగిపోయిందని కేక వేస్తూ కంచుకి పరుగెత్తుకు వస్తాడు. విరిగినది రథం మీది జెండా, విరిచినది భయంకరమైన గాలి. కాని భయంకరమనే అర్థంలో అతడు వాడిన మాట భీముడి పేరు కూడా కదా! భారతం తెలిసిన ఏ ప్రేక్షకునికైనా తొడ వైపు చూపు పోక మానదు.

ఆ తొడ నిజంగా విరిగిన తరువాతి కథతోనే నడిచే నాటకం కూడా సంస్కృతంలో ఉన్నది. భాసుని ఊరుభంగంలో దుర్యోధనుడు తొడలు విరిగి, నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి, రంగం మీదే ప్రాణాలు విడుస్తాడు. చనిపోయే ముందు అతడు ప్రదర్శించే శాంతం చూస్తే అప్పటిదాకా శత్రువనుకున్నవాని మీద జాలి పుడుతుంది. అయితే ఈ నాటకాలను తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రి గారు వెలికితీసి 1912 నుంచి అచ్చువేసేదాకా పండితలోకానికి వాటి పాఠం అందుబాటులో లేదు. కనుక పందొమ్మిదవ శతాబ్దం చివర తెలుగులో విషాదాంతం రాయబూనిన వారికి ముందు నడిచిన భాసుడు కనిపించలేదు. ఎదురుగా ఉన్నది దశరూపకం విధించిన నిషేధం, పక్కన ఉన్నది షేక్స్పియరు.

ఆ సాహసం చేసినవారు బళ్ళారి ప్లీడరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు (1853–1912). 1886లో సరసవినోదినీ సభను స్థాపించి నాటకాలు ఆడించి ఆంధ్రనాటక పితామహులనిపించుకున్నారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్యచరిత్రకారులు చెప్పేది ఆయన విషాద సారంగధర. పేరులోనే విషాదమన్న మాట చేర్చడాన్ని గమనించండి. లోపలికి వచ్చే ప్రేక్షకునికి, నాయనా, మంగళాంతం ఆశించి కూర్చోకు అని గుమ్మం దగ్గరే చెప్పినట్లున్నది! అదే ఊరి కోలాచలం శ్రీనివాసరావు గారు విజయనగర సామ్రాజ్య పతనాన్ని నాటకంగా రాశారు. ఒక మహాసామ్రాజ్యం కూలిపోయిన కథకు శుభాంతం ఎక్కడ తెస్తాం?

సారంగధరుని కథను ఎన్నుకోవడంలోనే ఆచార్యుల వారి చూపు తెలుస్తుంది. రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కొడుకు సారంగధరుడు. అతని పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడమీద వాలుతుంది. వద్దని హితవు చెప్పిన మిత్రుని మాట కాదని అతడు దానికోసం లోపలికి వెళ్తాడు. చిత్రాంగి అతణ్ణి మోహిస్తుంది, అతడు అమ్మా అని పిలిచి తప్పించుకుంటాడు, ఆమె నేరం అతనిమీదికే నెడుతుంది. తండ్రే రాజు, రాజే న్యాయాధికారి. కొడుకు కాళ్ళూ చేతులూ నరికించమని ఆజ్ఞ ఇస్తాడు. నిజం తెలిసేసరికి శిక్ష అమలైపోతుంది. అరిస్టాటిల్ చెప్పిన మూడు ముక్కలూ ఇక్కడ ఉన్నాయి. పావురం కోసం వెళ్ళడం పొరపాటు, దండించదగినంత తప్పు కాదు. అమ్మా అన్న పిలుపుతోనే పరిస్థితి తారుమారవుతుంది. తండ్రికి ఎరుక కలుగుతుంది, ఆలస్యంగా. మన పరిభాషలో చెప్పాలంటే పావురమే బీజం. ఇంత చిన్న బీజంలోంచి అంత పెద్ద అనర్థం మొలవడమే ఈ కథ బలం.

అయితే ఈ కథ ధర్మవరం వారికి ముందు అక్కడ ఆగలేదు. పదిహేనవ శతాబ్దపు గౌరన నవనాథచరిత్రలోనూ, తరువాత చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రలోనూ అవయవాలు కోల్పోయిన రాకుమారుణ్ణి ఒక సిద్ధుడు చేరదీస్తాడు, పోయిన కాళ్ళూ చేతులూ తిరిగి వస్తాయి. నాథసంప్రదాయంలో అతడే చౌరంగి. అంటే ఆ కావ్యాలలో నరుకుడు కథకు మధ్యభాగం, సిద్ధి కథకు ముగింపు. నాటకకర్త చేసినది కొత్త కథను పుట్టించడం కాదు, సిద్ధుని కృపను దాటవేసి శోకం దగ్గర తెర దించడం. చరిత్ర అడిగితే అది మరొక మాట చెబుతుంది. రాజరాజనరేంద్రుని కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. సారంగధరుడు శాసనాలకు తెలియడు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్టను జనం ఇప్పటికీ చూపిస్తారు. చరిత్రలో లేనివానికి కూడా స్థలం ఇచ్చేంతగా ఆ శోకం జనానికి పట్టుబడింది.

మా ప్రాంతానికీ సారంగధరునికీ ఒక సంబంధం ఉన్నది. ఎస్. రాయవరంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన గురజాడ అప్పారావు గారు ఇరవై ఏళ్ళ వయసులో, 1883లో, ఇంగ్లీషులో రాసి ప్రకటించిన కావ్యం పేరు సారంగధర. బళ్ళారి నాటకానికి ముందే ఇక్కడొక యువకుని చూపు ఆ కథమీద పడిందన్నమాట.

ఇక తెర సంగతి. నేను దీన్ని అలంకారంగా వాడడం లేదు, నిజమైన గుడ్డ తెరను గురించే చెబుతున్నాను. మన వీధినాటకంలో ఇద్దరు మనుషులు పట్టుకునే చిన్న తెర ఉండేది. అది పాత్ర ప్రవేశానికే గాని ముగింపుకు కాదు. ఆట చివర మంగళం పాడవలసిందే, ఎందుకంటే ఆటను ఆపడానికి మరో మార్గం లేదు. షేక్స్పియరు నాటకశాలలోనూ ముందుతెర లేదు. అందుకే హామ్లెట్ చివర శవాన్ని సైనికులు మర్యాదతో మోసుకుపోవలసి వచ్చింది. రంగం మీద పడి ఉన్న శవం తనంతట తాను లేచిపోలేదు కదా! 1880 ప్రాంతంలో ధార్వాడ కంపెనీవారు కోస్తా పట్టణాలలో నాటకాలాడి, రంగు తెరలనూ కొత్త ప్రదర్శన పద్ధతులనూ మనవారికి పరిచయం చేశారు. వారిని చూసే కందుకూరి వీరేశలింగం గారు ఆ ఏడే రాజమండ్రిలో విద్యార్థులచేత నాటకం ఆడించారు. పైనుంచి దిగే తెర వచ్చాక నాటకకర్తకు ఒక కొత్త శక్తి చిక్కింది. కావలసిన క్షణంలో కథను కోసివేయవచ్చు. తండ్రి కొడుకు దేహం మీద పడి ఏడుస్తుండగానే తెర దిగితే, ఆ ఏడుపు ప్రేక్షకుడు ఇంటికి తీసుకుపోవలసిందే. మంగళం దాన్ని కడిగివేయదు.

దీనికి మన ఉత్తరాంధ్రలోనే మరొక గొప్ప ఉదాహరణ బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట నిలవదని తెలిసినప్పుడు లోపలి స్త్రీలను, పిల్లలను తమవారే చంపుకున్నారు. రాజా రంగారావు పోరాడుతూ మరణించాడు. కొద్ది రోజులకే బొబ్బిలి వీరులు విజయరామరాజును అతని డేరాలోనే చంపి పగ తీర్చుకున్నారు. జనం నోట ఆ పని తాండ్ర పాపారాయనిది. ఆ మారణకాండనుంచి రంగారావు పసికొడుకు మాత్రం బతికి బయటపడ్డాడు, తరువాత వంశం నిలిచింది, సంస్థానం నిలిచింది. వేదం వేంకటరాయశాస్త్రి గారు 1916లో ప్రకటించిన బొబ్బిలి యుద్ధము మొదలుకొని ఈ కథ ఎన్నోసార్లు రంగమెక్కింది, బుర్రకథయింది, సినిమా అయింది.

నాటకకర్త స్థానంలో ఉండి ఆలోచించండి. ఇక్కడ తెర దించడానికి మూడు చోట్లున్నాయి. అంతఃపురం బూడిదైనచోట దించితే అది శుద్ధ విషాదం. విజయరామరాజు డేరాలో దించితే వీరరసం, జనం చప్పట్లు కొడుతూ లేస్తారు. బతికిన పసివాని దగ్గర దించితే నిర్వహణసంధి కుదిరి, దాదాపు మంగళాంతమవుతుంది. మూడూ చరిత్రే, ఒక్క సంఘటన కూడా కల్పించనక్కరలేదు. అయినా మూడూ మూడు వేరు నాటకాలు. మొదటిది చచ్చిపోయిన ఆడవారి కథ, రెండవది పగ తీర్చుకున్న మగవారి కథ, మూడవది సంస్థానం కథ. తెర దించే చోటు కేవలం రంగస్థల సౌకర్యం కాదని, ఎవరి దుఃఖానికి విలువ ఇస్తున్నామో చెప్పే తీర్పు అని నేననేది ఇందుకే.

ఈ తీర్పు ఎంత సున్నితమైనదో గురజాడ వారి చేతిలో చూడాలి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కం నవ్వుల నాటకంగానే పేరు పొందింది. కాని అందులో వెంకమ్మ, కూతురు సుబ్బిని ముసలివాడికి ఇస్తున్నారన్న దుఃఖంతో నూతిలో పడుతుంది. పైకి తీస్తారు కనుక కథ నవ్వులవైపు తిరుగుతుంది. ఆమె అన్న కరటకశాస్త్రి ఎత్తు వేస్తాడు, శిష్యునికి ఆడవేషం కట్టి పెళ్ళి చేస్తాడు, చివరకు వ్యవహారమంతా మా విశాఖపట్నం చేరి సౌజన్యారావు పంతులు ఇంట్లో తేలుతుంది. సుమారు మూడు దశాబ్దాల తరువాత కాళ్ళకూరి నారాయణరావు గారి వరవిక్రయంలో కాళింది కూడా నూతిలోనే పడుతుంది. ఆమెను బతికి ఉండగా పైకి తీయడం జరగలేదు. చెల్లెలు కమల మిగిలిన నాటకమంతా నడిపి కట్నమాశించినవారికి బుద్ధి చెబుతుంది. కన్యాశుల్కాన్నే వస్తువుగా తీసుకుని గురజాడ వారే తరువాత పుత్తడి బొమ్మ పూర్ణమ్మ అనే గేయకథ రాశారు. ముసలివానికి కట్టబెట్టిన పూర్ణమ్మ తనవారందరి దగ్గరా సెలవు తీసుకుంటుంది. అత్తవారింటికి వెళ్ళేముందు తీసుకునే సెలవే అనుకుంటారు వారు. ఆమె వెళ్ళేది దుర్గ గుడి దగ్గరి కొలనుకు, తిరిగిరాదు. నాటకం కాకపోయినా, భవభూతి వాడిన పతాకాస్థానకం ఇక్కడ పదేళ్ళ పిల్లకైనా అర్థమయ్యే తేట తెలుగులో పనిచేస్తున్నది.

గ్రీకువారికి శాపం, షేక్స్పియరుకు కత్తీ విషమూ ఉన్నట్లు తెలుగు విషాదానికి నుయ్యీ చెరువూ ఉన్నాయి. ఇది కవుల కల్పన కాదు, మన ఇళ్ళ పెరళ్ళలోంచి వచ్చినది. నూతిని రంగం మీద చూపడం కష్టం కనుక వార్త లోపలినుంచి కేకగానో, పరుగెత్తుకొచ్చిన మనిషి నోటనో వస్తుంది. తెరవెనుక మాట ద్వారా సంగతి తెలిపే ఈ పద్ధతికి మన లాక్షణికులు పెట్టిన పేరు చూళిక. చావును చూపరాదన్న పాత నియమం ఈ విధంగా తనకు తెలియకుండానే కొత్త నాటకానికి మేలు చేసింది. చూపని నుయ్యి చూపినదానికంటె లోతుగా ఉంటుంది.

ఇంకొక్క మాట కన్యాశుల్కం మీదనే. చివర బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడం నిర్ణయమవుతుంది. గిరీశం ఎత్తు బెడిసికొట్టిందని మనం నవ్వుతాం, తెర దిగుతుంది. నమ్మి ఇల్లు విడిచి వచ్చిన ఆ పిల్ల ముఖం ఆ క్షణంలో ఎట్లా ఉన్నదో ఆలోచించే వ్యవధి మనకుండదు. అదే తెర ఆమె ఎదుట దిగి ఉంటే కన్యాశుల్కం తెలుగులో మరొక విషాదాంతమయ్యేది. గురజాడ వారికి ఇది తెలియదని నేననుకోను. తెలిసే నవ్వు దగ్గర ఆపారు, ఏడుపును వెతుక్కునే పని మనకు వదిలారు.

ఈ చర్చ ఇప్పుడెందుకంటారా? మా విశాఖకు నాటకం కొత్త కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి గారు, గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు గారు వాల్తేరులో ప్రయోగాత్మక నాటకానికి ప్రాణం పోశారు. రావిశాస్త్రి గారు ఇక్కడి కోర్టులలో చూసిన అన్యాయాన్ని నాటకంలోకి కూడా తెచ్చారు. ఓడరేవు ఉద్యోగులూ ఉక్కు కార్మికులూ పగలు పనిచేసి రాత్రి రిహార్సలుకు వెళ్ళే ఊరు ఇది. అటువంటి ఊళ్ళో పోటీ నాటికలు చూస్తుంటే, చివరి ఐదు నిమిషాలలో ఎవరో ఒకరిని చంపి, ఎర్రదీపం వేసి, వయొలిన్ సాగదీస్తే విషాదాంతమైపోతుందన్న నమ్మకం కనిపిస్తున్నది. అది చావే గాని విషాదం కాదు. పావురం ఎగరకుండా చేతులు నరికినట్లుంటుంది. బీజం మొదటి రంగంలో పడాలి, పొరపాటు మనమూ చేయగలిగినదై ఉండాలి, మాట రెండర్థాలతో మోగాలి, ఎరుక ఆలస్యంగా రావాలి. అప్పుడు చావు లేకపోయినా సరే, తెర దిగినాక ప్రేక్షకుడు లేవలేడు.

కనుక నా లెక్క ఇది. ఓడలో వచ్చినది తెర ఒక్కటే, మిగిలిన సరుకంతా మన గిడ్డంగిలోదే. ఆ తెర తాడు చేతబట్టినవాడు లాగేముందు ఒక్కసారి రంగం మీద ఎవరెవరు మిగిలి ఉన్నారో చూసుకోవాలి. సారంగధరుడు సరే, చిత్రాంగి ఎక్కడ? పాపారాయడు సరే, అంతఃపురం ఎక్కడ? గిరీశం సరే, బుచ్చమ్మ ఎక్కడ? మీ మీ ప్రాంతాలలో ఆడిన సారంగధర, బొబ్బిలి ప్రదర్శనలలో తెర ఎక్కడ దించేవారో గుర్తున్న మిత్రులు తెలియజేస్తే నా లెక్క సరిచూసుకుంటాను.

స్వస్తి.